పీఎఫ్ ఆఫీసు మెట్ల మీద ఆపా

మొన్న నెలాఖరున పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే ఫోను టింగుమంది. బ్యాంకు నుంచి మెసేజీ. నా మొట్టమొదటి పింఛను పడింది. పెద్ద మొత్తమేం కాదు లెండి. గ్యాసు బండకూ కరెంటు బిల్లుకూ పోగా పాలకు మిగిలితే గొప్ప. అయినా ఆ మెసేజీని నాలుగుసార్లు చదివాను. అట్లాంటప్పుడు ఎవరైనా దేవుడికి దండం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆపా గుర్తొచ్చింది. నన్ను నిలువునా మోసం చేసి ఈ పింఛను ఇప్పించిన మహాతల్లి ఆమె. ఆ మోసం సంగతి చెప్పాలంటే ముందు మనిషి ఎట్లాంటిదో చెప్పాలి.

ఆపా అంటే అక్క. అసలు పేరేమిటో నాకు తెలియదు, పటాన్‌చెరు పీఎఫ్ ఆఫీసు దగ్గర ఎవరినడిగినా తెలియదనే చెప్పేవాళ్లు. ఆఫీసు ముందు మెట్లుండేవి. మూడో మెట్టు ఆమెది. మందుల ఫ్యాక్టరీల్లో పొడి నింపే అట్ట డ్రమ్మును బోర్లించి దాన్నే టేబులు చేసుకుంది. నల్ల బురఖా, ముసుగు ఎప్పుడూ తల వెనక్కే. కళ్లజోడుకు దారం, చెవి సందున ఒక పెన్ను, చేతిలో ఇంకో పెన్ను. చదువు రానివాళ్లకూ, చదువు వచ్చినా సర్కారు కాగితం చూస్తే చెమటలు పట్టే నాలాంటివాళ్లకూ ఫారాలు రాసిపెట్టేది.

గడ్డపోతారం నుంచి, గుమ్మడిదల నుంచి, ఇస్నాపూర్ నుంచి, ఫ్యాక్టరీ మానేసిన ప్రతివాడూ ఒకనాడు ఆ మెట్ల దగ్గరికి రావాల్సిందే. అందులో సగం మంది దుబాయి, మస్కట్ పోయేవాళ్లే. ఏజెంటుకు కట్టాలి కాబట్టి జీతంలో కోసి దాచిన పైసలన్నీ ఊడ్చి తీసుకోవడానికి వచ్చేవాళ్లు. పీఎఫ్ అయితే తీసుకోవచ్చు, దాని గురించి ఆపాకు పేచీ లేదు. పక్కన పింఛను భాగం అని ఇంకోటి ఉంటుంది, దాని దగ్గరే ఆమెకు కోపం వచ్చేది. సర్వీసు పదేళ్లు నిండకముందే మానేస్తే ఆ భాగాన్ని నగదుగా తీసుకోవచ్చు, కానీ అప్పుడు చేసిన ఏళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నగదు వద్దంటే ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. ఏళ్లు దాంట్లో భద్రంగా ఉంటాయి. తర్వాత ఎప్పుడు ఏ కంపెనీలో చేరినా కొత్త సర్వీసుకు కలుస్తాయి. రెండూ కలిసి పదేళ్లు దాటితే యాభై ఎనిమిది నిండాక బతికినంత కాలం పింఛను.

"అక్కడ జీతం ఉంటది గని పింఛను ఉండది తమ్మీ," అనేది గల్ఫు పోయే ప్రతివాడితో. "అక్కడి ఏండ్లు ఇక్కడ కలువయి. ఇక్కడి ఏండ్లు ఎవ్వడు గుంజుకోలేడు, నువ్వే తీసి ఇయ్యకుంటే."

ఎంత చెప్పినా వినేవాళ్లు తక్కువ. అందుకని ఆమె ఒక రివాజు పెట్టింది. పింఛను సొమ్ము నగదుగా తీసుకునేవాడు ఆమెకు చాయ్ పోయించాలి. సర్టిఫికెట్టు తీసుకునేవాడికి ఆమే పోయించేది. ఎదురుగా చాయ్ దుకాణం. రోజుకు పది, పన్నెండు చాయ్‌లు ఆమె ఖాతాలో వచ్చి పడేవి. సాయంత్రానికి కడుపు పట్టుకుని, "మీ అకల్ తక్కువ పనులకు నాకు గ్యాసు పట్టింది గదరా!" అని వరుసలో ఉన్నవాళ్లందరినీ కలిపి తిట్టేది. ఆమె తాగనని ఎప్పుడూ అనలేదు. వాళ్లు పోయించడమూ మానలేదు.

ఇంకో అలవాటు, పెళ్లాం వయసు అడగడం. మొదటిసారి వచ్చినవాడు బిత్తరపోయేవాడు. "నీకెన్నేండ్లు? సరే. నీ పెండ్లానికి?" వాడు నీళ్లు నమిలితే, "గది గూడ ఎరుక లేదా? నువ్వు సచ్చినంక పింఛను తినేది ఆమెనే గద! ఆమె ముచ్చట ఎవరు ఆలోచించాలె, నేనా?" అనేది. వరుసంతా నవ్వేది. ఆ తర్వాత తన సంగతి చెప్పేది, ఎప్పుడూ అవే మాటల్లో. ఆమె భర్త లోహపు ఫ్యాక్టరీలో పనిచేస్తూ పోయాడు. పద్నాలుగు నెలల సర్వీసు. సర్వీసులో ఉండి పోయాడు కాబట్టి ఆ కొద్దిపాటికే ఆమెకు పింఛను వచ్చింది. "నా మొగుడు బతికున్నన్ని రోజులు ఒక్క నెల జీతం సక్కగ ఇంట్ల ఇయ్యలె. పోయినంక జూడు, ఒక్క నెల తప్పలె!" అని తొడ చరిచి నవ్వేది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వేవాణ్ని. ఒక ఆడమనిషి ఆ పైసలతో ఎట్లా బతికిందో అడగాలని నాకప్పుడు తోచలేదు.

గల్ఫ్ వెళ్లేవాళ్ల వీసా కాగితం కూడా ఆమె చూడాల్సిందే. చిన్నప్పుడు ఖురాను చదవడానికి నేర్చిన అక్షరాలతో అరబ్బీ కూడబలుక్కునేది. అర్థం సగం తెలిసేది, సగం తెలిసేది కాదు. కింద ఇంగ్లీషు ఎట్లాగూ ఉంటుంది. పని పర్మిట్ ఉందా, దాని మీద కంపెనీ పేరుందా, చేయబోయే పని పేరుందా అని వేలు పెట్టి వెతికేది. ఇవి కనబడకపోతే కాగితాన్ని రెండు వేళ్లతో, కంపు కొట్టే చేపను పట్టుకున్నట్టు పట్టుకుని తిరిగి ఇచ్చేది.

ఇక నా కథ. ఇరవై రెండేళ్ల కిందటి మాట. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరుగా చేసేవాణ్ని. తొమ్మిదేళ్లకు రెండు నెలలు తక్కువ సర్వీసు. హైదరాబాదులో ఒక ఏజెంటు నాకు ఆజాద్ వీసా ఇప్పిస్తానన్నాడు. ఏ కంపెనీకీ కట్టుబడకుండా ఇష్టమొచ్చిన చోట పని చేసుకోవచ్చట, ఎంత సంపాదిస్తే అంత మనదేనట. నేల మీద కాలు నిలవలేదు నాకు. రాజీనామా ఇచ్చేసి, పీఎఫ్, పింఛను రెండూ తీసేసుకుందామని ఆపా దగ్గరికి పోయాను.

"ఏం వీసా?" అంది.

"ఆజాద్ వీసా ఆపా."

"ఆజాద్ వీసా అనేది ఏ దేశంల లేదు తమ్మీ. హైదరాబాద్ ఏజెంట్ల నోట్లనే ఉన్నది. కాయిదం జూపియ్యి."

చూపించాను. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పెదవులు కదుపుతూ చదివింది. "ఇండ్ల జియారా అని ఉన్నది. మేం దర్గాకు పోతె జియారత్ అంటం. నువ్వు పనికి పోతున్నవా, మొక్కు తీర్సుకోను పోతున్నవా?"

వెనక ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అది విజిట్ వీసానే. ఆడికి పోయినంక పర్మిట్ మార్పిస్త అన్నడు," అన్నాను.

"మార్పియ్యకుంటే? పర్మిట్ లేకుంట పని జేస్తె పోలీసోడు నిన్ను దొంగ లెక్కనే జూస్తడు. ఆగు తమ్మీ, ఒక్క ఏడాది ఆగు. సక్కటి పర్మిట్ దొరికినంక పో. నేను వద్దంటనా? పింఛను మాత్రం ముట్టకు."

"రాస్తవా రాయవా ఆపా?"

నా గొంతు పెరిగేసరికి ఆమె ఫారం తీసి రాయడం మొదలుపెట్టింది. పేరు, ఊరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, అన్నీ ముత్యాల్లా రాసింది. నగదా, సర్టిఫికెట్టా అని గీత పెట్టే చోటికి వచ్చేసరికి పెన్ను నా చేతికిచ్చి ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. అది ఆమె నియమం. ఫారమంతా తను రాసినా ఆ ఒక్క గీత మనిషి తానే పెట్టుకోవాలి. "గీత నీది," అనేది, చూసేది కూడా కాదు. నేను నగదు దగ్గర గట్టిగా గీత పెట్టాను. ఎప్పట్లాగే రెండో ఫారం కూడా రాసి, దాని మీద గీత లేకుండా సంతకం మాత్రం తీసుకుంది. కొట్టివేత ఏదైనా పడితే ఆఫీసువాళ్లు తిప్పి పంపుతారని అందరి దగ్గరా రెండేసి తీసుకునేది. మేమందరం కళ్లు మూసుకుని సంతకాలు పెట్టేవాళ్లం. బ్యాంకు పాసుబుక్కు నకలు జతచేయాలంది. నేను తేలేదు. మర్నాటి నుంచి ఏజెంటు చుట్టూ తిరగాలి కాబట్టి, మా ఇంటావిడ తెచ్చిస్తుంది, అన్నీ కలిపి నువ్వే లోపల ఇచ్చెయ్యమని చెప్పాను.

రివాజు ప్రకారం చాయ్ పోయించాను. ఒక్క గుక్క తాగి, "నీ చాయ్ చేదుగున్నది," అని గ్లాసు పక్కన పెట్టేసింది. ఆమె చాయ్ వదిలేయడం నేను చూడటం అదే మొదలు.

నెలన్నరకు పీఎఫ్ బ్యాంకులో పడింది. పింఛను సొమ్ము కోసం ఎదురుచూస్తున్నాను. దానితో గానీ ఏజెంటుకు పూర్తిగా ముట్టదు, వాడేమో రోజుకు రెండుసార్లు ఫోను. ఒకనాడు పోస్టుమ్యాను కవరు తెచ్చాడు. విప్పితే ఏముంది, సర్టిఫికెట్టు! నేను గీత పెట్టింది నగదు మీద. నా చేత్తో పెట్టాను. పైసలు ముట్టవని తెలిసి ఏజెంటు ఆ సాయంత్రమే నా చోటు మా షిఫ్టులోని ఫిట్టరుకు ఇచ్చేశాడు.

మర్నాడు కవరు పట్టుకుని మెట్ల దగ్గరికి పోయాను. ఆపా టిఫిను డబ్బా విప్పుకుని కూర్చుంది. సర్టిఫికెట్టు ఆమె డ్రమ్ము మీద కొట్టాను. ఆమె చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, "పేరు, పుట్టిన తేదీ అన్నీ సక్కగనే వచ్చినయి," అంది. ఒళ్లు మండిపోయింది నాకు.

"గీత ఎవరు మార్చిన్రు? నా వీసా పోయింది! నా బతుకు ఆగం జేసినవ్!" అని అరిచాను. వరుసలో ఒకతను, "ఆపా గట్ల చెయ్యదన్నా," అని అడ్డం వచ్చాడు. ఆమె చెయ్యెత్తి అతన్ని ఆపింది. దాంతో నా అనుమానం రూఢి అయిపోయింది. అప్పుడన్నాను ఆ మాట. పదిమందిలో అన్నాను. "మొగని సావు మీద వచ్చే పైసలు తిని బతికేదానివి, నీకేం ఎరుక కష్టం?"

ఆపా ముఖంలో నవ్వు పోయింది. టిఫిను డబ్బా మూత పెట్టింది. ఎదురు దుకాణం వైపు చూసి రెండు చాయ్‌లు అని సైగ చేసింది. "అయిందేదో అయింది తమ్మీ. కాయిదం చింపకు. దాసిపెట్టుకో. చాయ్ తాగి పో," అంది. నేను తాగలేదు. సర్టిఫికెట్టు ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టబోతే మా ఆవిడ చేతిలోంచి లాక్కుని బీరువాలో చీరల అడుగున దాచింది.

నా చోట్లో వెళ్లిన ఫిట్టరు ఐదు నెలలకు తిరిగొచ్చాడు. పర్మిట్ మార్పించేవాడే లేడట. బయటికొస్తే పట్టుకుపోతారని పది మంది ఒక గదిలో దాక్కున్నారట. ఇప్పుడు అమీన్‌పూర్‌లో అపార్టుమెంట్ల ముందు మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నాడు. నేను పోతే రెండు బజ్జీలు ఎక్కువ వేసి, "నీ వీసా మీద పోయి ఐదు నెలలు ఫ్యాను కింద పండుకొని వచ్చినన్నా, నీ రుణం తీరదు!" అని నవ్వుతాడు.

మరుసటేడు నాకు ఒమాన్‌లో పద్ధతైన ఉద్యోగం దొరికింది. పర్మిట్ మీద కంపెనీ పేరు, బాయిలర్ ఆపరేటరు అని పని పేరు, అన్నీ ఉన్నాయి. కాగితం ఆపాకు చూపించడానికి నాకు ముఖం చెల్లలేదు. మా ఆవిడే ఎక్కడికో తీసుకెళ్లి తెచ్చింది. "చూపిచ్చిన. మంచిదేనట, పొమ్మన్నరు," అంది. ఎవరన్నారంటే, "తెలిసినోళ్లు," అంది. నేను ఇంకా గుచ్చి అడగలేదు.

పదిహేనేళ్లు అక్కడే గడిచాయి. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడు పీఎఫ్ ఆఫీసు రోడ్డు తగిలితే అవతలి పక్కకు దాటేవాణ్ని. అవతలి నుంచి చూస్తే ఆమె ఎవడి పెళ్లాం వయసో అడుగుతూ కనబడేది. ఒమాన్‌లో మా కార్మికుల క్యాంపులో నా పక్క మంచం పెద్దాయనది మా జిల్లానే. అరవై దాటినా పైపులు మోసేవాడు. ఇంటికి పోవచ్చు కదా పెద్దయ్యా అంటే, "పోతె ఏం తినాలె బిడ్డా? ఉన్నదంతా ఊడ్సుకొనే వచ్చిన గద," అనేవాడు. ఆపా మీద నా కోపం అక్కడ, ఆ మంచం పక్కన, కొద్దికొద్దిగా కరిగింది.

యాభై రెండేళ్లకు తిరిగొచ్చి ఇక్కడే ఇంకో ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ ఆఫీసులో లెక్క చూసిన పిల్ల, "అంకుల్, ఇప్పటి నుంచి చేసే సర్వీసు ఒక్కటే అయితే మీకు పింఛను రాదు, పదేళ్లు నిండవు. పాతదేమైనా ఉందా?" అంది. మా ఆవిడ బీరువాలోంచి ఆ సర్టిఫికెట్టు తీసిచ్చింది. తొమ్మిదేళ్లకు రెండు నెలలు తక్కువ, ఒక్క రోజు కూడా పోకుండా కలిసింది.

ఆ సాయంత్రం కలాకండు డబ్బా కొని మెట్ల దగ్గరికి పోయాను. ఆపా జుట్టు తెల్లబడింది. ఫారాలన్నీ ఫోన్లలోకి వచ్చాయి, వరుస లేదు. అయినా డ్రమ్ము ముందు కూర్చుని ఎవరికో ఫోనులో ఏదో నొక్కి చూపిస్తోంది. "ఓటీపీ నీ పెండ్లానికి తప్ప ఎవ్వరికి చెప్పకు," అంటోంది వాడితో. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "బాయిలర్ తమ్మీ! మస్కట్ ఎండకు బెల్లం లెక్క అయినవ్ గద, నల్లగ!" అంది.

"ఆపా, ఆనాడు నువ్వు జేసిన మోసం నన్ను బతికిచ్చింది," అన్నాను.

"నేనేం జెయ్యలె తమ్మీ." డబ్బాలోంచి చిన్న ముక్క తీసుకుని మూతపెట్టి నాకే ఇచ్చింది. "ఇది తీస్కపోయి నీ పెండ్లాం చేతిల పెట్టు."

"ఆనాడు నేనన్న మాట..."

"ఏమన్నవ్? నాకు యాది లేదు," అంది. నాకు చాయ్ చెప్పింది. ఈసారి తాగాను. పెద్ద మనసు, చేసిన మేలు కూడా చెప్పుకోదు అనుకుంటూ ఇంటికొచ్చాను.

నాలుగేళ్ల కింద ఆమె పోయింది. నాకు వారం తర్వాత తెలిసింది. చాయ్ దుకాణం ఆయన కళ్లు తుడుచుకుంటూ, "నా గిరాకి సగం పోయిందన్నా," అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆపా ఉంటే తొడ చరిచి నవ్వేది.

అదీ ఆపా. మొన్న పొద్దున ఇదంతా మనసులో మెదిలి, ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ జొన్నరొట్టెలు చేస్తోంది. "చూడు, పడ్డది. ఆపా ఆనాడు గీత మార్చకుంటే ఇయ్యాల మనకు ఏం ఉండు?" అన్నాను.

ఆమె మెసేజీ చూసింది. పొయ్యి ఆపింది. "ఆమె మార్చలె," అంది.

"మరి ఎవరు మార్చిన్రు?"

"నేనే." పిండి చేతులు దులుపుకుంది. "పాసుబుక్కు కాయిదం ఇయ్యనీకె పోయిన గద. ఇది ఏందాపా అని అడిగిన. నగదు తీస్కుంటె ఏం పోతదో మొత్తం చెప్పింది. మార్చు ఆపా అన్న. నేను ముట్ట, అది ఆయన గీత అన్నది. నువ్వు సంతకం పెట్టిన రెండో కాయిదం డ్రమ్ము మీదనే ఉండె. గుంజుకొని నేనే గీసిన. శానసేపు రెండు కాయిదాలు ముందట పెట్టుకొని కూసున్నది పాపం. ఆఖరికి నేను గీసిందే ఆఫీసు లోపల ఇచ్చింది."

"పదిమందిల ఆమెను అంత మాట అన్న గదనే. నువ్వన్న చెప్పొద్దా?"

"చెప్తననే పోయిన. నువ్వు తిట్టొచ్చిన మర్నాడే పోయి, ఇగ చెప్పేస్త ఆపా అన్న. ఒద్దన్నది."

"ఎందుకంట?"

"'ఆయనతోని ఒక్క ఇంట్ల బతికేది నువ్వు బేటీ, నేను గాదు. తిట్లు నాకే ఉండనీ. పింఛను పడ్డనాడు చెప్పు, అప్పటికి ముసలోడైతడు, అరిచే ఓపిక గూడ ఉండది' అన్నది."

నేను అరవలేదు. పీట లాక్కుని అక్కడే కూలబడి, ఇరవై రెండేళ్ల కింద ఆ మెట్ల మీద అన్న మాటకు మా ఆవిడ ముందు ఏడ్చాను.